బాపు చూసిన టోపీ సినిమా

చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన ఇంగ్లీషు సినిమా ఒకటుండేది. బాపు అని పిలుచుకునే మా నాన్న తప్ప మాలో ఎవరూ దాన్ని చూడలేదు. బాపుకేమో ఇంగ్లీషు రాదు.

బాపు చాలా ఏండ్లు మస్కట్‌లో ఒక కంపెనీ క్యాంపు మెస్‌లో వంట చేశాడు. శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక మెస్ హాల్లో వీసీఆర్ పెట్టేవాళ్ళట. మలయాళీలు ఒక వారం వాళ్ళ సినిమా తెచ్చుకుంటే, పాకిస్తానీలు మరో వారం హిందీ సినిమా తెచ్చుకునేవాళ్ళు. తెలుగువాళ్ళు కొద్దిమందే కాబట్టి మన వంతు ఎప్పుడో గాని వచ్చేది కాదు. ఏ కేసెట్టూ దొరకని వారం, క్యాంపు బాసు గదిలో పడివున్న ఒక నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమానే మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. అట్లా బాపు దాన్ని లెక్కలేనన్నిసార్లు చూశాడు. హీరో తలమీద ఎప్పుడూ టోపీ ఉంటుందని దానికి తానే ‘టోపీ సినిమా’ అని పేరు పెట్టుకున్నాడు. అసలు పేరేమిటో ఆయనకు తెలియదు.

సెలవు మీద మా ఊరు ఖానాపూర్ వచ్చినప్పుడల్లా బాపు ఆ కథ చెప్పేవాడు. చెప్పేవాడంటే కూర్చుని చెప్పడం కాదు, లేచి ఆడేవాడు. తువ్వాలను టోపీలాగా మడిచి తలకు పెట్టుకునేవాడు. హీరో అబద్ధం చెప్పబోయే ముందు బొటనవేలితో టోపీ అంచు తుడుస్తాడట. బాపు కూడా తువ్వాల అంచు తుడిచి, ఒక కన్ను చిన్నది చేసి మా అందరినీ వరుసగా చూసేవాడు. హీరోయిన్ వంతు వచ్చేసరికి మేం అవ్వ అని పిలిచే మా అమ్మ చేతిలోంచి కత్తిపీట లాక్కోబోయి తిట్లు తిని, చిన్న చాకు తెచ్చుకునేవాడు. ఒక సంత్రపండు తీసుకుని, దాని వైపు చూడకుండా, తొక్క ఎక్కడా తెగకుండా పొడుగ్గా ఒలుస్తూ మమ్మల్ని చూసి నవ్వేవాడు. పోలీసులు ప్రశ్నలు వేస్తుంటే హీరోయిన్ అట్లాగే ఒలుస్తుందట.

బాపు చెప్పిన కథ ఇది. సముద్రం ఒడ్డున పెద్ద పట్నం, ఎప్పుడు చూసినా వాన. పెద్ద బంగళాలో ఒక అమ్మాయి, ఆమె ముసలి తండ్రి. ఒకరోజు తండ్రి మెట్ల మీది నుంచి పడి చనిపోతాడు. ఆమె తండ్రి ఫోటో ముందు నిలబడి ఏడుస్తుంది. అప్పుడు వానలో తడుచుకుంటూ టోపీ ఆయన వస్తాడు. ఆయన సీఐడీ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగానే ఇద్దరికీ ఏదో గుర్తొచ్చినట్టవుతుంది. ఎందుకంటే వాళ్ళు చిన్నప్పుడు తప్పిపోయిన అన్నాచెల్లెళ్ళు! మెట్ల దగ్గర టోపీ ఆయనకు ఒక చెవికమ్మ దొరుకుతుంది. అది వాళ్ళ తల్లి కమ్మ. దాన్ని జేబులో దాచుకుని, బయటపడాలా వద్దా అని సినిమా అంతా నలిగిపోతాడు. చివరికి రైల్వే స్టేషన్లో చెల్లె చేతిలో ఆ కమ్మ పెడతాడు. చెల్లె దాన్ని చెవికి పెట్టుకుని, కండ్ల నీళ్ళతో రెండు చేతులూ చాపుతుంది. ఇద్దరు కూలీలు వచ్చి సామాను ఎత్తుకుంటారు. అన్న చెల్లెను ఇంటికి తీసుకుపోతాడు.

ఈ కథ మా అందరిలోకీ ఎక్కువగా నచ్చింది చెన్నూరు అత్తకు, అంటే బాపు చెల్లెలికి. బాపు సెలవు మీద ఉంటే రాఖీ పున్నమికి మా ఇంటికి వచ్చి, బాపు చేతికి రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టి, “ఇగ చెప్పు అన్నా, టోపీ ఆయన కథ” అనేది. వినడం ఎన్నోసారైనా సరే, స్టేషన్ సీను వచ్చేసరికి కొంగుతో కండ్లు ఒత్తుకునేది.

నేను ఇంగ్లీషు టీచర్నయి, పెండ్లయి కరీంనగర్‌లో కాపురం పెట్టి, ఇంట్లోకి పెద్ద టీవీ, దానికి ఇంటర్నెట్ వచ్చాక నాకు ఆ సినిమా వెతికే పిచ్చి పట్టింది. పేరు తెలియదు, నటుల పేర్లు తెలియవు. ‘ఆడమనిషి, సంత్రపండు, పోలీసు, వాన’ అని ఇంగ్లీషులో కొడితే సంత్ర రసం తీసే పద్ధతులు చూపించే వీడియోలు వరసగా వచ్చేవి. సరే అని, నలుపు తెలుపులో దొరికిన ప్రతి నేర సినిమానూ ఆదివారం మధ్యాహ్నాలు చూడటం మొదలుపెట్టాను. మా ఆయన హాల్లోకి తొంగిచూసి, “మల్ల టోపీలేనా?” అని, పేపర్ తీసుకుని లోపలికి పోయేవాడు.

సంత్రపండు దొరకలేదు గాని, నేను మాత్రం ఆ సినిమాలకు దొరికిపోయాను. ఏం మనుషులు వాళ్ళు! ప్రాణం పోతున్నా గొంతు పెంచరు. ఒకరి సిగరెట్ ఒకరు ముట్టిస్తున్నప్పుడే తెలిసిపోతుంది, ఎవరు ఎవరిని ముంచబోతున్నారో. గోడ మీద కిటికీ చువ్వల నీడ పడిందంటే నేను సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని దిండు ఒళ్ళోకి తీసుకునేదాన్ని. స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు హోంవర్క్ మరిచిపోయామని చెబుతుంటే, ఒక కన్ను చిన్నది చేసి, గొంతు తగ్గించి, “నిజం చెప్పు” అనేదాన్ని. బాగానే పనిచేసేది.

పోయిన చలికాలం బాపుకు కంటి ఆపరేషన్ కోసం అవ్వనూ బాపునూ కరీంనగర్ తీసుకొచ్చాను. ఆపరేషన్ మంచిగా అయింది. కొన్నాళ్ళు టీవీ చూడొద్దన్నారు. బాపు పచ్చ గుడ్డ కట్టుకుని, ఆ తర్వాత నల్లద్దాలు పెట్టుకుని, సోఫాలో కూర్చుని విసిగిపోయాడు. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా నేను చప్పుడు తగ్గించి ఏదో పాత సినిమా పెట్టాను. వాన. ఓడల రేవు. పెద్ద బంగళా. నల్ల బట్టల్లో ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా టోపీ పెట్టుకున్న మనిషి. ఆమె బల్ల మీది పళ్ళెంలోంచి ఒక పండు తీసుకుంది. చిన్న చాకు తీసుకుంది. అతని ముఖంలోకి చూస్తూ, పండు వైపు చూడకుండా, ఒలవడం మొదలుపెట్టింది.

నేను అరిచిన అరుపుకు బాపు లేచి కూర్చున్నాడు. వంటింట్లోంచి అవ్వ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందే? పామా?”

“సంత్రపండు అవ్వా! బాపు సంత్రపండు!”

బాపు నల్లద్దాలు ముక్కు మీదికి దించి తెర వైపు చూశాడు. నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాడు. “గీమెనే బిడ్డా,” అన్నాడు మెల్లగా. “గీమెనే. ఏం మారలే సూడు. గట్లనే ఉన్నది.”

నేను టీవీ ఆపేశాను. డాక్టరు చూడొచ్చన్న రోజునే, మొదటి నుంచి, అందరం కలిసి చూద్దామని ఒట్టు పెట్టించుకున్నాను. బాపు రోజూ పొద్దున లేవగానే, “ఇయ్యాల అడుగుదామా డాక్టర్ను?” అనేవాడు.

ఆ రోజు వచ్చింది. అవ్వ పల్లీలు వేయించింది. బాపు కొత్త చొక్కా వేసుకున్నాడు, సినిమా హాలుకు పోతున్నట్టు. నేను కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెప్పాలి. మొదటి సీనులో ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన కోటు గుండీలు పెడుతోంది.

“గాయ్నే తండ్రి,” అన్నాడు బాపు, అవ్వను మోచేతితో పొడుస్తూ.

ముసలాయన ఏదో అన్నాడు. కింద అక్షరాలు పడ్డాయి. మన పెండ్లయి ఇన్నేండ్లయినా నా కోటు గుండీలు పెట్టడం నీకే బాగా వచ్చు, అంటున్నాడు. నా గొంతులో పల్లీ అడ్డుపడింది.

“ఏమన్నడు బిడ్డా?” అవ్వ అడిగింది.

“కోటు... కోటు మంచిగుందన్నడు,” అన్నాను.

బాపు ముఖం చూస్తే పండుగలా ఉంది. ముందు ఏం జరగబోతోందో మాకు చెబుతూ, తొడ కొట్టుకుంటూ, “ఇప్పుడు సూడుండ్రి, ఇప్పుడు సూడుండ్రి” అంటున్నాడు. ముసలాయన మెట్ల మీది నుంచి పడ్డాడు. ఎవరో వచ్చి ఆమెకు చావు కబురు చెప్పారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే చోటు ఇదే. కబురు వినగానే ఆమె ఏడవదు. పక్కనున్న అద్దం వైపు ఒక్క క్షణం చూస్తుంది. తన ముఖం ఎట్లా ఉందో చూసుకుని, ఆ తర్వాత ఏడుస్తుంది. అంతే! ఒక్క మాట లేకుండా, రెప్పపాటులో, అంతా చెప్పేసింది. నేను బాపును మరిచిపోయి “అబ్బ!” అన్నాను.

“పాపం, తండ్రి గద,” అన్నాడు బాపు.

తర్వాత టోపీ ఆయన వచ్చాడు. ఇతను ఆమెకు పూర్తిగా వేరు రకం. నటిస్తున్నట్టే ఉండడు. అలిసిపోయిన మనిషి, తడిసిన కోటు, నిద్ర చాలని కండ్లు. అడగాల్సింది అడిగి ఊరుకుంటాడు. అతను ఊరుకున్నప్పుడే మనకు గుండె కొట్టుకుంటుంది. ఆమె సంత్ర ఒలుస్తోంది, తొక్క పొడుగ్గా వేలాడుతోంది. అతను ఆమెను కాకుండా ఆ తొక్కనే చూస్తున్నాడు. మెల్లగా ఒక్క ప్రశ్న వేశాడు. తొక్క పుటుక్కున తెగింది. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. బొటనవేలితో టోపీ అంచు తుడిచి, ‘నాకేం అనుమానం లేదండీ’ అన్నాడు.

బాపు నా పక్కన కూర్చుని తన తలమీద లేని టోపీ అంచు తుడిచాడు. నిజంగానే అచ్చు అట్లాగే తుడిచేవాడు! ఇన్నేండ్లూ ఆ వేలు కూడా తప్పలేదు.

తర్వాత ఒక వరండా సీను వచ్చింది. బయట వాన. ఆమె, అతను దగ్గరగా నిలబడ్డారు.

“ఇగ ఇప్పుడు బొమ్మ గెంతుతది,” అన్నాడు బాపు ధైర్యంగా. “అన్న ఇంటికి వోతడు.”

బొమ్మ గెంతలేదు. టోపీ ఆయన మొదటిసారి టోపీ తీశాడు. ఆమె తల ఎత్తింది. ఇద్దరూ ముద్దు పెట్టుకున్నారు. చిన్న ముద్దు కాదు. కెమెరా కిటికీ దాకా పోయి, వాన చూసి, తిరిగి వచ్చినా ఇంకా అయిపోలేదు.

హాల్లో పల్లీలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. బాపు నల్లద్దాలు తీశాడు. లుంగీ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. నేను నేలవైపు చూస్తున్నాను. బాపు పక్కన కూర్చుని ముద్దు సీను చూడటం నా జీవితంలో అదే మొదలు.

అవ్వ నిదానంగా బాపు వైపు తిరిగింది. “ఏందయ్యా,” అంది. “అన్నాచెల్లెళ్ళు అంటివి?”

“గిది... గిది కేసెట్ల లేకుండె.”

“లేకుండెనా?”

“ఒట్టు! గిక్కడికి రాంగనే గెంతుతుండె. నాకేం తెలుసు గీడ గిది ఉన్నదని?”

అప్పుడర్థమైంది నాకు. అక్కడ అద్దెకిచ్చే కేసెట్లలో ముద్దులన్నీ ముందే కోసేసేవాళ్ళని మస్కట్ పోయొచ్చినవాళ్ళు చెప్పుకోవడం నేను విన్నాను. బాసు దగ్గరున్నదీ అలాంటిదే అయివుంటుంది. ముద్దులు తీసేస్తే మిగిలిందేమిటి? ఇద్దరు మనుషులు ఒకరినొకరు కండ్ల నిండా చూసుకుంటారు, ఏదో చెప్పాలని చెప్పలేక ఆగిపోతారు, ఒక చెవికమ్మ కోసం నలిగిపోతారు. మాట అర్థం కాని బాపు ఇంకేమనుకుంటాడు? నేను ముందు పెదవులు బిగబట్టాను. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత సోఫాలోంచి కిందికి జారిపోయి, కడుపు పట్టుకుని, ఊపిరాడక నవ్వాను. అవ్వ పల్లీల పళ్ళెం పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు కాసేపు బింకంగా కూర్చున్నాడు. తర్వాత ఆయనా మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయిన కన్నుకు నీళ్ళు తగలొద్దని నేను నవ్వుతూనే దూదితో ఒత్తాను.

సినిమా అక్కడి నుంచి ఎట్లా సాగిందో దేవుడికే తెలుసు. మళ్ళీ ముద్దు వచ్చినప్పుడల్లా అవ్వ, “మల్ల చెల్లెను పలకరిస్తుండు” అనేది. ముసలాయన తండ్రి కాదు, మొగుడు. ఆమే తోసింది. ఆ పెనుగులాటలో ఆమె కమ్మ జారి మెట్ల కింద పడింది. టోపీ ఆయనకు అది దొరికింది, ఆమె మీది ప్రేమతో జేబులో దాచాడు. చివర్లో స్టేషన్లో ఇద్దరూ పారిపోవాలనుకుంటారు. అతను వచ్చి, మాట్లాడకుండా గుప్పిట విప్పుతాడు. కమ్మ. ఆమె దాన్ని తీసుకుని, అద్దం లేకుండా చెవికి పెట్టుకుని, తలెత్తి, రెండు చేతులూ చాపుతుంది, బేడీలు వేయమని.

“మరి కూలీలు?” అన్నాడు బాపు దిగులుగా.

“పోలీసులు బాపూ.”

“కూలీలకు బిళ్ళలుంటయి గదనే చొక్కాకు. గీళ్ళకు బిళ్ళలున్నయి గద!”

దాంతో మళ్ళీ మొదలు. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చేసరికి ముగ్గురం ఏ పనీ చేయకుండా ఎర్రబడ్డ కండ్లతో కూర్చుని ఉన్నాం. ఎవరికేమైందోనని ఆయన చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

నవ్వులన్నీ తగ్గాక బాపు ఉన్నట్టుండి గంభీరంగా అయ్యాడు. “చెల్లెకు చెప్పకుండ్రి,” అన్నాడు. “పానం ఒప్పది దానికి.”

మేం చెప్పం అన్నాం. కాని అప్పటికే అవ్వ, సినిమా దొరికిన రోజే, సంతోషం పట్టలేక చెన్నూరుకు ఫోన్ చేసేసింది. అన్న కన్ను చూడటానికి, టోపీ సినిమా చూడటానికి డాక్టరు సరేనన్నాక వచ్చే ఆదివారమే బస్సెక్కుతానంది అత్త.

ఆ వారమంతా మా ఇంట్లో జరిగిన కుట్ర ముందు ఆ సినిమాలోని నేరం ఎందుకూ పనికిరాదు. పథకం బాపుదే. అత్తకు ఇంగ్లీషు రాదు కాబట్టి, కథ బాపు చెప్పినట్టే నడపాలి. హీరో మాటలు బాపు చెప్తాడు, హీరోయిన్ మాటలు నేను. ముద్దులు వచ్చే చోట బాపు దగ్గుతాడు. దగ్గగానే అవ్వ రిమోట్‌తో సినిమాను ముందుకు నెట్టాలి. అవ్వ రిమోట్‌తో రెండు రోజులు సాధన చేసింది. బాపు వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గేవాడు, అవ్వ హాల్లోంచి నొక్కేది. ఒకసారి నాకు నిజంగానే దగ్గు వస్తే, మా ఆయన చూస్తున్న పాత క్రికెట్ మ్యాచ్‌లో ఓవరంతా ఎగిరిపోయింది.

అత్త ఆదివారం పొద్దున సంచి నిండా జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు పట్టుకుని దిగింది. వచ్చీ రాగానే బాపు కన్ను చూసి, తల నిమిరి, నేరుగా టీవీ ముందు కూర్చుంది. “ఏది, పెట్టుండ్రి. నాకు గుండె దడదడ అంటున్నది.”

సినిమా మొదలైంది. ముసలాయన కోటు గుండీల సీనులో నేను తీయగా, “నాయినా, చలిల బయటికి పోకు” అన్నాను. అత్త “మంచి పిల్ల” అంది. సంత్రపండు సీనులో టోపీ ఆయన కఠినంగా చూస్తుంటే బాపు గొంతు సవరించుకుని, “చెల్లె, తిన్నవా?” అన్నాడు.

“తిన్న అన్నా, నువ్వు తిన్నవా?” అన్నాను నేను.

“సంత్ర ఒలుస్తుంది గద, పెట్టరాదు గాయ్నకు ఓ తొన,” అంది అత్త తెరతో.

ఇక నాకు ఊపు వచ్చేసింది. తెర మీద ఇద్దరూ ఒకరినొకరు పీక పిసకాలన్నంత కోపంతో చూసుకుంటున్నారు, మేమేమో ఖానాపూర్ మాటల్లో చలి గురించి, కూరల గురించి మాట్లాడిస్తున్నాం. ఒకచోట అతను ఆమె భుజాలు పట్టుకుని కుదుపుతాడు. బాపుకు ఏం చెప్పాలో తోచక నా వైపు చూశాడు. “గింత వానల గొడుగు లేకుంట ఎందుకొచ్చినవ్ అంటుండు,” అన్నాను. “అన్నలు గంతే,” అంది అత్త తృప్తిగా.

వరండా సీను వచ్చింది. బాపు దగ్గాడు. ఏం కాలేదు. మళ్ళీ దగ్గాడు. అవ్వ కథలో పూర్తిగా మునిగిపోయి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని తెరనే చూస్తోంది.

“జర నీళ్ళు తాగరాదయ్యా,” అంది తల తిప్పకుండా.

బాపు ఈసారి ప్రాణం పోతున్నట్టు దగ్గాడు. అవ్వ ఉలిక్కిపడి, రిమోట్ అందుకుని, కంగారులో ఏదో నొక్కింది. సినిమా ఆగిపోయింది. సరిగ్గా అక్కడ. మా గోడంత టీవీ మీద, టోపీ చేతిలో పట్టుకుని, అతనూ ఆమే ముద్దు మధ్యలో నిలిచిపోయారు.

అత్త ఆ బొమ్మను ఒక వైపు తల వంచి చూసింది. ఇంకో వైపు వంచి చూసింది. తర్వాత బాపును చూసింది.

“అన్నా,” అంది. “గా పట్నంల రాఖీ గిట్ల కడ్తరా?”

నేను మళ్ళీ కింద పడ్డాను. అవ్వ రిమోట్ వదిలేసి గోడకు ఆనుకుని వంగి వంగి నవ్వింది. బాపు రెండు చేతులూ జోడించి, “కేసెట్ల లేకుండె చెల్లె, నీ మీద ఒట్టు, కోసిండ్రు వాళ్ళు!” అని మొత్తుకున్నాడు. అత్త అన్నీ విన్నది. ముసలాయన మొగుడని, చెల్లె కాదని, కూలీలు పోలీసులని. ఒక్కో మాటకూ “ఓయమ్మో!” అంటూ నవ్వింది. ఎంత నవ్విందంటే చివరికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, అవ్వ వీపు రుద్దాల్సి వచ్చింది.

నీళ్ళు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని, బాపు పక్కకు జరిగింది. “నా పెండ్లికి రానీకి నీకు మస్కట్ల సుట్టి ఇయ్యలే గద అప్పుడు,” అంది మెల్లగా. “గా యేడాదే గద నువ్వు గీ సినిమా మొదలు చూసింది.”

“గా యేడాదే,” అన్నాడు బాపు.

“మరింకేం. నువ్వు నన్నే చూసినవు గా సినిమాల.”

అత్త అరచేతిని బాపు తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అత్తే, “ఇగ సాలు గాని, మొదట్నుంచి పెట్టు బిడ్డా. ఈసారి నిజం చెప్పు. ముద్దులు గూడ ఉంచు,” అంది.

మళ్ళీ పెట్టాను. ఈసారి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. మధ్యలో జొన్నరొట్టెలు, తొక్కు, చాయ్. నిజం తెలిశాక అదే సినిమా వేరేగా ఉంది. సంత్రపండు తొక్క తెగినప్పుడు నలుగురమూ ఒకేసారి ఊపిరి బిగబట్టాం. అవ్వకు టోపీ ఆయన నచ్చాడు. “అట్ల తడిసినా ఒక్క తుమ్ము తుమ్మడు సూడు, గట్టి పిండం,” అంది. బాపు తన మనిషిని తాను వదులుకోలేదు. అతను కమ్మను జేబులో వేసుకునేటప్పుడు ముఖంలో ఏమీ కనపడనీయకుండా, చెయ్యి మాత్రం జేబులో చాలాసేపు ఉంచేస్తాడు, అది చూడమని ప్రతిసారీ మాకు చూపించాడు. నేను ఇన్ని టోపీ సినిమాలు చూశాను గాని, ఏమీ చేయకుండా ఇంత చేసినవాణ్ణి చూడలేదు. ఆమె ముఖం నిమిషానికో రంగు మారుతుంటే అతను గోడలా నిలబడతాడు. ఆ గోడ వల్లే ఆమె వెలుగుతుంది. స్టేషన్లో గుప్పిట విప్పే చోట మాత్రం అతని కింది పెదవి కొద్దిగా వణుకుతుంది. సినిమా మొత్తానికి అతను దాచుకున్నదంతా అక్కడ ఖర్చు పెట్టేస్తాడు.

అత్తకు మాత్రం ఆమే. “మొగుణ్ణి తోసిందని తెలిసె. అబద్ధాలు ఆడుతదని తెలిసె. అయినా గీమె మీద కోపం వస్తలేదేందే నాకు?” అని నన్ను అడిగింది. “పోలీసులు దగ్గరికొస్తుంటే నేనే ఎటన్న ఉరుకు అంటున్న లోపల. ఏం యాక్టింగ్ చేసింది, ఏం చేసింది ముండ!”

నాకూ రావడం లేదు కోపం.

ఆ రెండు రోజులూ అత్త మా ఇంట్లో ఆమెలాగే నడిచింది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు మీద వేళ్ళు ఆనించి, గడ్డం పైకెత్తి దిగేది. అవ్వ ఉప్పు ఎక్కువైందా అని అడిగితే అద్దంలో చూసుకుని అప్పుడు చెప్పేది. బాపు తువ్వాల టోపీ పెట్టుకుని, “నిజం చెప్పు, నా సంత్ర ఎవరు తిన్నరు?” అని ఆమెను విచారించేవాడు. డెబ్బై దాటిన అన్నా, ఆయనకంటే కొంచెమే చిన్నదైన చెల్లే, హాల్లో ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ తిరుగుతుంటే, మా ఆయన కూడా పేపర్ మడిచి పెట్టి చూశాడు. చివరికి తనే అడిగాడు, “అసలేం సినిమా అది? నాక్కూడ పెట్టు.” మూడోసారి అందరం కలిసి చూశాం.

మంగళవారం అత్తను చెన్నూరు బస్సెక్కించడానికి నేనూ బాపూ బస్టాండుకు పోయాం. కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మతో అత్త మాట కలిపేసింది. బస్సు ఇంకా కదల్లేదు, కిటికీలోంచి అంతా వినబడుతోంది.

“మొగుడు ముసలోడు, వట్టి పిసినారి,” అంటోంది అత్త. “కొట్టేటోడు గూడ.”

“గట్ల లేదు గద!” అన్నాడు బాపు నాతో, ఉలిక్కిపడి. “కొట్టుడు యాడున్నది?”

“ఇగ టేషన్ కాడికి టోపీ ఆయన వచ్చిండు. కమ్మ ఇచ్చిండు. ఇచ్చి, ఉరుకు పిల్లా, రైలెక్కు, నేను చూసుకుంట గీళ్ళను అన్నడు. ఎక్కింది. రైలు వోయింది.”

“చెల్లె!” బాపు కిటికీ దగ్గరికి నడిచాడు. “గట్ల కాదు! బేడీలేసిండ్రు ఆమెకు! నిజం చెప్పు ఆమెకు!”

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి, బొటనవేలితో కొంగు అంచు మెల్లగా తుడిచి, “నేను నిజమే చెప్తున్న అన్నా,” అంది. బస్సు కదిలింది. బాపు దాని వెంట నాలుగడుగులు వేసి, పట్టపగలు బస్టాండు మధ్యలో నిలబడి, తువ్వాల ఊపుతూ, పడీ పడీ నవ్వాడు.